హిస్పానిక్ సర్వింగ్ కాలేజీ నుంచి మాస్టర్స్, పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లకు స్కాలర్‌షిప్‌లు: మన పిల్లలు అడగొచ్చా?

వ్యాలీ_అమ్మాయి

అన్నయ్యలకు, అక్కలకు, పెద్దలకు నమస్కారం. నేను టెక్సాస్ దక్షిణ కొసన ఎడిన్‌బర్గ్‌లో, యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ రియో గ్రాండే వ్యాలీలో బయాలజీ మూడో ఏడు చదువుతున్నాను. మాది తెనాలి పక్క పల్లె. పెదనాన్న స్పాన్సర్ చేస్తే, నేను ఎనిమిదో క్లాసులో ఉండగా అందరం గ్రీన్ కార్డుల మీద వచ్చాం. నాన్న ఇంటర్‌తో చదువు ఆపేశారు, అమ్మ టెన్త్. నాన్న గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్ట్ చేస్తారు.

నాకు పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఈ వ్యాలీలో షుగర్ లేని ఇల్లు దొరకడం కష్టం. మా ఇంట్లోనూ ఉంది. దాని మీదే పనిచేయాలని నా కోరిక. మా కాలేజీలో పదిమందిలో తొమ్మిది మంది హిస్పానిక్ పిల్లలే, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు. అందుకే హిస్పానిక్ సర్వింగ్ ఇన్‌స్టిట్యూషన్ అంటారు, పొట్టిగా హెచ్‌ఎస్‌ఐ. ఇలాంటి కాలేజీల నుంచి పై చదువులకు వెళ్లేవాళ్లకు ప్రత్యేకంగా స్కాలర్‌షిప్‌లు ఉంటాయని విన్నాను.

నేను హిస్పానిక్ కాదు కదా, అవి నాకు వర్తిస్తాయా? వర్తించినా అడగడం సబబేనా? నా పక్కన కూర్చునే ఫ్రెండ్స్ కోసం పెట్టిన డబ్బు నేను లాక్కున్నట్టు అవుతుందేమోనని మనసు ఒప్పుకోవడం లేదు. ఇటు చూస్తే నాన్న ఇప్పటి నుంచే లోన్ గురించి టెన్షన్ పడుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

డాలస్_శ్రీను

అమ్మా, పేరులోనే హిస్పానిక్ అని ఉంది కదా. ఆ డబ్బు వాళ్లకే. 2023లో హార్వర్డ్ కేసులో అడ్మిషన్లకు జాతి చూడొద్దని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక కూడా ఇవి ఎందుకు నడుస్తున్నాయో నాకు అర్థం కాదు. నా మట్టుకు నేను చెప్పేది ఒకటే: మార్కులు చూసి ఇవ్వాలి, అవసరం చూసి ఇవ్వాలి. నీకు రెండూ ఉన్నాయి. మామూలు స్కాలర్‌షిప్‌లు వెతుక్కో, ఆ గొడవలోకి వెళ్లకు.

ఎల్‌పాసో_మాస్టారు

శ్రీను గారూ, ఆ పేరు కాలేజీకి వచ్చేది, విద్యార్థికి కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

డిగ్రీ చదివే పిల్లల్లో, ఫుల్‌టైమ్ లెక్కన, కనీసం 25 శాతం హిస్పానిక్ ఉన్న కాలేజీ హెచ్‌ఎస్‌ఐ అవుతుంది. ఫెడరల్ గ్రాంటు కావాలంటే అది చాలదు. ఆర్థిక సాయం మీద చదివే పిల్లలు ఎక్కువగా ఉండాలి, ఒక్కో విద్యార్థి మీద కాలేజీ పెట్టగలిగే ఖర్చు సాటి కాలేజీల కంటే తక్కువగా ఉండాలి. అంటే పేద పిల్లలు చదివే బీద కాలేజీ అన్నమాట. 1992లో ఈ గుర్తింపు ఫెడరల్ ఉన్నత విద్యా చట్టంలోకి వచ్చింది, 1998లో దానికి టైటిల్ ఫైవ్ అని సొంత భాగం ఏర్పడింది. 2008లో మాస్టర్స్, పీహెచ్‌డీ స్థాయికి ఇంకో గ్రాంటు చేర్చారు. దేశంలో ఇప్పుడు ఇలాంటి కాలేజీలు సుమారు 600. మనవాళ్లు ఎక్కువగా చేరే ఆర్లింగ్టన్, డెంటన్‌లోని నార్త్ టెక్సాస్, హ్యూస్టన్, కింగ్స్‌విల్, కార్పస్ క్రిస్టీ అన్నీ ఇందులోవే. అరిజోనా స్టేట్ కూడా 2022లో చేరింది.

గ్రాంటు కాలేజీ చేతికి వస్తుంది. దాంతో ట్యూటరింగ్ సెంటర్ పెడతారు, ల్యాబ్‌కు పరికరాలు కొంటారు, పరిశోధనకు పిల్లల్ని తీసుకుంటారు. ఆ సెంటర్ గుమ్మం దగ్గర నీ ఇంటిపేరు ఎవరూ అడగరమ్మా. హార్వర్డ్ తీర్పు అడ్మిషన్‌లో ఒక్కొక్క విద్యార్థి జాతిని లెక్కలోకి తీసుకోవడం గురించి. అది వేరు సంగతి.

నేను ఎల్‌పాసోలో చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. నా క్లాసులో కొంతమంది మెక్సికో వైపున్న హ్వారెజ్ నుంచి తెల్లవారకముందే బయల్దేరి, వంతెన మీద పాస్‌పోర్ట్ పట్టుకుని క్యూలో నిలబడి, నడిచి సరిహద్దు దాటి ఎనిమిది గంటల క్లాసుకు వస్తారు. సాయంత్రం మళ్లీ అదే వంతెన. ఆ పిల్లలకు ల్యాబ్‌లో గంటకు ఇంత అని జీతం ఇచ్చే కొలువు దొరికితే రెస్టారెంట్ షిఫ్ట్ మానేసి పరిశోధన చేయగలుగుతారు. పై చదువుల స్కాలర్‌షిప్ నిజంగా మొదలయ్యేది అక్కడే. డిగ్రీలో ఉండగా ల్యాబ్‌లో పనిచేసినవాడికే తర్వాత పెద్ద ఫెలోషిప్ వస్తుంది.

నీ సంగతి రేపు విడిగా రాస్తాను. ఈలోపు ఒక్క మాట నాన్నగారికి చెప్పు: సైన్స్‌లో పీహెచ్‌డీకి మనం డబ్బు కట్టే పనిలేదు. ఫీజు యూనివర్సిటీ కట్టి, నెలనెలా స్టైపెండ్ ఇస్తుంది. అలా ఇవ్వని చోటికి వెళ్లకూడదు.

శాన్‌ఆంటోనియో_సరోజ

అమ్మాయీ, నువ్వు అడిగిన రెండో ప్రశ్న నాకు నచ్చింది. నా కోడలు లారెడో అమ్మాయి, మెక్సికన్ అమెరికన్. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల. ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ జెమ్ ఫెలోషిప్ మీద చేసింది. నీ పోస్టు చదివి వినిపిస్తే వెంటనే ఒక మాట అంది: "కొన్నిటికి ఆ అమ్మాయి తప్పకుండా అప్లై చేయాలి. కొన్ని వదిలేయాలి. రెండూ కలిపేయొద్దని చెప్పండి అత్తయ్యా."

తను చెప్పినదాని ప్రకారం జెమ్ అన్నది 1976 నుంచి ఉంది. సైన్స్, ఇంజనీరింగ్‌లో తక్కువగా కనిపించే నల్లజాతి, హిస్పానిక్, నేటివ్ అమెరికన్ పిల్లల్ని పైకి తేవడానికే పెట్టారు. ఫీజు యూనివర్సిటీ చూసుకుంటుంది, వేసవిలో కంపెనీలో జీతంతో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. సిటిజన్, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే. దాని ఉద్దేశం నీలాంటి వాళ్లు కాదు, దాన్ని నీ ఫ్రెండ్స్‌కి చెప్పు. పీహెచ్‌డీకి తయారుచేసే మెక్‌నెయిర్ అనే కార్యక్రమం మాత్రం నీ కోసమే ఉంది అంది.

ఇంకొకటి కూడా అంది. వాళ్ల క్లాసులో తెలివైనవాళ్లకు కొదవ లేదట. ఇలాంటివి ఉన్నాయని చెప్పేవాళ్లే కరువు. తనకు కూడా ఒక ప్రొఫెసర్ వరండాలో ఆపి చెప్పబట్టి తెలిసిందట. కాబట్టి నువ్వు తెలుసుకున్నవన్నీ పక్కన కూర్చునేవాళ్లకు చెప్పు. అప్పుడు లాక్కున్నట్టు అవదు.

డాలస్_శ్రీను

మాస్టారూ, గ్రాంటు కాలేజీకి అన్నది నాకు కొత్త విషయం, థ్యాంక్స్. కానీ 25 శాతం ఒక జాతి ఉంటేనే గ్రాంటు అన్న షరతు నాకిప్పటికీ మింగుడు పడటం లేదు. పేదరికం ఒక్కటే కొలమానం అయితే బాగుండేది. అప్పలాచియా కొండల్లో తెల్లవాళ్ల పిల్లలు చదివే బీద కాలేజీ సంగతేంటి?

ఎల్‌పాసో_మాస్టారు

న్యాయమైన ప్రశ్నే. అలాంటి కాలేజీలకు టైటిల్ త్రీ అని వేరే గ్రాంటు ఉంది, దానికి జాతి షరతు లేదు. మీరు అడిగిందే కోర్టుకు కూడా వెళ్లింది. 2025 జూన్‌లో టెనెసీ రాష్ట్రం, హార్వర్డ్ మీద కేసు వేసిన సంస్థ కలిసి ఈ 25 శాతం షరతు రాజ్యాంగ విరుద్ధమని దావా వేశాయి. కేంద్ర న్యాయశాఖ ఆ షరతును సమర్థించబోమని చెప్పేసింది. సెప్టెంబర్‌లో విద్యాశాఖ హెచ్‌ఎస్‌ఐలతో పాటు ఇలాంటి ఇంకొన్ని రకాల కాలేజీలకు ఇచ్చే సుమారు 350 మిలియన్ డాలర్ల గ్రాంట్లు ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

నా అభిప్రాయం దాచుకోను. టెక్సాస్ సరిహద్దు ఊళ్లలో తరతరాలుగా మంచి యూనివర్సిటీ లేకుండా పోయింది. అలాంటి చోట డబ్బు అవసరమైన కాలేజీని గుర్తించడానికి ఆ షరతు పనికొచ్చింది. గ్రాంటు ఆగితే మొదట పోయేది పరిశోధనలో పిల్లలకిచ్చే జీతాలే. నాకు బాధగా ఉంది.

ఇక అమ్మాయి విషయం. నువ్వు చూడాల్సిన మొదటిది మెక్‌నెయిర్. 1986లో చాలెంజర్ ప్రమాదంలో చనిపోయిన వ్యోమగామి రోనల్డ్ మెక్‌నెయిర్ పేరు మీద పెట్టిన ఫెడరల్ కార్యక్రమం. పీహెచ్‌డీకి వెళ్లాలనుకునే డిగ్రీ పిల్లల్ని చేర్చుకుని, ప్రొఫెసర్‌తో జతచేసి, వేసవి పరిశోధనకు స్టైపెండ్ ఇచ్చి, అప్లికేషన్లు దగ్గరుండి రాయిస్తారు. చేరేవాళ్లలో మూడింట రెండు వంతుల మంది తక్కువ ఆదాయం ఉండి, తల్లిదండ్రులిద్దరికీ బ్యాచిలర్స్ డిగ్రీ లేనివాళ్లు అయి ఉండాలి. ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకు ఒకటిన్నర రెట్లు లోపు. మీ ఇంటి పరిస్థితి ఈ దారికి సరిపోయేలా ఉంది. జాతి ప్రస్తావన ఇక్కడ లేదు. మిగతా మూడో వంతులోనే పై చదువుల్లో తక్కువగా ఉన్న వర్గాలవాళ్లను తీసుకుంటారు.

ఇది చదివే మిగతా మనవాళ్లకు ఒక హెచ్చరిక. నాన్నగారు గుంటూరులో బీకాం చేసి ఇక్కడ చిన్న ఉద్యోగం చేస్తున్నా, అది డిగ్రీయే. ఫస్ట్ జనరేషన్ అని రాయకూడదు.

మీ క్యాంపస్‌లో మెక్‌నెయిర్ ఇప్పుడు నడుస్తోందో లేదో ముందు కనుక్కో. మెక్‌నెయిర్ కూడా ఒక భాగమైన ట్రియో అనే ఫెడరల్ కార్యక్రమాల నిధుల మీద కూడా వాషింగ్టన్‌లో గొడవ నడుస్తోంది. పైగా టెక్సాస్‌లో 2024 జనవరి నుంచి ఎస్‌బీ 17 చట్టం వచ్చి డైవర్సిటీ ఆఫీసులు మూతపడ్డాయి, కొన్ని పనులు వేరే పేర్లతో వేరే ఆఫీసుల్లోకి వెళ్లాయి. పాత వెబ్‌పేజీ దొరకలేదని వదిలేయకు. గ్రాడ్యుయేట్ కాలేజీకి వెళ్లి మనిషిని అడుగు.

రివర్‌సైడ్_పద్మ

కాలిఫోర్నియా వైపు సంగతి నేను చెబుతాను. ఇక్కడ ఈ దారి చాలా స్పష్టంగా వేశారు.

నేను పెళ్లయి వచ్చాను. బాబు స్కూల్లో చేరాక కమ్యూనిటీ కాలేజీలో మొదలుపెట్టి, కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) శాన్ బెర్నార్డినోలో సైకాలజీ డిగ్రీ చేశాను. రెండూ హెచ్‌ఎస్‌ఐలే. కాల్ స్టేట్ క్యాంపస్‌లు ఒకటి రెండు తప్ప అన్నీ హెచ్‌ఎస్‌ఐలే అని అప్పట్లో నాకు తెలియదు. అక్కడ శాలీ కసనోవా స్కాలర్ అని ఒకటి ఉంది. కాల్ స్టేట్‌లో మూడో ఏడు, నాలుగో ఏడు, మాస్టర్స్ చదివేవాళ్లకు ఇస్తారు. పీహెచ్‌డీ ఉన్న యూనివర్సిటీలను వెళ్లి చూసి రావడానికి, అప్లికేషన్ ఫీజులకు, వేసవిలో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) ల్యాబ్‌లో పనిచేయడానికి డబ్బు. చదువులోనూ డబ్బులోనూ ఇబ్బందులు దాటుకుని వచ్చినవాళ్లకే ప్రాధాన్యం. నాతోపాటు వచ్చినవాళ్లలో స్ట్రాబెర్రీ తోటల్లో కూలి చేసే తల్లిదండ్రుల పిల్లలు ఉన్నారు, వియత్నామీస్ అబ్బాయి ఉన్నాడు, నేనున్నాను.

తర్వాత యూసీ రివర్‌సైడ్‌లో పీహెచ్‌డీ చేశాను. 2019లో యూసీ వాళ్లు కాలిఫోర్నియా హెచ్‌ఎస్‌ఐల నుంచి పీహెచ్‌డీకి, అక్కణ్నుంచి ప్రొఫెసర్ ఉద్యోగానికి దారి వేయాలని డాక్టరల్ డైవర్సిటీ ఇనిషియేటివ్ మొదలుపెట్టారు. అందులో ఒక ఫెలోషిప్ ఉంది, కాలిఫోర్నియా హెచ్‌ఎస్‌ఐలో చదివి ఇప్పుడు యూసీలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు. ఈ చర్చ శీర్షికకు అచ్చంగా సరిపోయేది అదే. నువ్వు టెక్సాస్ కాబట్టి నీకు రాదు, కానీ ఇక్కడ చదివే మన పిల్లలకు తెలియాలి.

పీహెచ్‌డీలో ఉన్నవాళ్లకు కాల్ స్టేట్ వాళ్లదే ఇంకొకటి, చాన్సలర్స్ డాక్టోరల్ ఇన్సెంటివ్ ప్రోగ్రాం. 30,000 డాలర్ల దాకా లోన్ ఇస్తారు. పీహెచ్‌డీ అయ్యాక కాల్ స్టేట్‌లో ఫుల్‌టైమ్ పాఠాలు చెబితే ఏడాదికి 20 శాతం చొప్పున మాఫీ. పాఠాలు చెప్పే ఉద్దేశం లేకపోతే మాత్రం తీసుకోవద్దు, అది మామూలు అప్పే అవుతుంది.

ఆర్లింగ్టన్_ఎమ్మెస్

అన్నా, అక్కా, మా సంగతేంటి? ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లం. మా యూనివర్సిటీ కూడా హెచ్‌ఎస్‌ఐయే అని ఇప్పుడే తెలిసింది. మాకేమైనా వస్తుందా? వరంగల్‌లో ఇల్లు తాకట్టు పెట్టి వచ్చాను, వచ్చే సెమిస్టర్ ఫీజు ఎలా కట్టాలో తెలియడం లేదు.

డెంటన్_సుధీర్

తమ్ముడూ, ఉన్నది ఉన్నట్టు చెబుతా. ఫెడరల్ ప్రభుత్వం విద్యార్థికి నేరుగా ఇచ్చే సాయం, ఫెలోషిప్‌లు దాదాపు ఏవీ ఎఫ్-1 కి రావు. ఫాఫ్సా అనే ఫెడరల్ సాయం దరఖాస్తు లేదు, మెక్‌నెయిర్ లేదు, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ (ఎన్‌ఎస్‌ఎఫ్) ఫెలోషిప్ లేదు. హెచ్‌ఎస్‌ఐ అయినా కాకపోయినా అంతే.

కానీ టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఒక మంచి నియమం ఉంది. యూనివర్సిటీ పోటీ పెట్టి ఇచ్చే స్కాలర్‌షిప్ ఏడాదికి కనీసం 1,000 డాలర్లు నీకు వస్తే, నాన్ రెసిడెంట్ ఫీజు బదులు టెక్సాస్ వాళ్ల ఫీజు కట్టొచ్చు. ఇంటర్నేషనల్ వాళ్లకూ వర్తిస్తుంది. తేడా క్రెడిట్‌కు 400 డాలర్ల పైనే ఉంటుంది. సెమిస్టర్‌కు తొమ్మిది క్రెడిట్లు అంటే 3,600 డాలర్లకు పైన మిగులు. వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్‌ను చిన్నదని వదిలేసేవాళ్లను చూస్తే నాకు మనసు ఉసూరుమంటుంది. దాని వెనక వచ్చే మినహాయింపే అసలు లాభం.

షరతులు ఉన్నాయి. టెక్సాస్ విద్యార్థులతో కలిపి పోటీ జరగాలి, కమిటీ ఎంపిక చేయాలి, మొత్తం విద్యార్థుల్లో 5 శాతానికి మించి ఈ మినహాయింపు ఇవ్వకూడదు. అందుకే అన్ని స్కాలర్‌షిప్‌లకూ ఇది అంటుకోదు. డిపార్ట్‌మెంట్‌ను సరిగ్గా ఇలా అడుగు: "ఇది కాంపిటిటివ్ స్కాలర్‌షిప్ వెయివర్‌కు అర్హమైనదేనా?" అవార్డు లెటర్‌లో ఆ మాట ఉందో లేదో చూసుకో. ఏటా మళ్లీ తెచ్చుకోవాలి.

రెండో దారి: టీఏ, ఆర్‌ఏ, అంటే పాఠాల్లోనో పరిశోధనలోనో ప్రొఫెసర్‌కు సాయం చేసే జీతం కొలువు. నీ కోర్సుకు సంబంధించిన పని, కనీసం హాఫ్ టైమ్, అంటే వారానికి 20 గంటలు అయితే అప్పుడూ టెక్సాస్ ఫీజే. ఎఫ్-1 కి కాలేజీ నడిచే రోజుల్లో క్యాంపస్‌లో 20 గంటలే పరిమితి కాబట్టి దాంతో సరిపోతుంది. మొదటి సెమిస్టర్ మార్కులు బాగా తెచ్చుకుని, నువ్వు ఏ సబ్జెక్టులో ఏ గ్రేడ్ తెచ్చుకున్నావో రాసి ఆ సబ్జెక్టు ప్రొఫెసర్‌నే అడుగు. వందమందికి ఒకే మెయిల్ పంపితే ఎవరూ చదవరు.

క్యాంపస్ బయట క్యాష్ పనికి మాత్రం వెళ్లొద్దు తమ్ముడూ. ఇల్లు తాకట్టులో ఉన్నప్పుడు ఆ మాట చెప్పడం తేలికే, నాకు తెలుసు. కానీ స్టేటస్ పోతే ఇల్లూ పోతుంది, చదువూ పోతుంది.

ఖమ్మం_నవీన్

ఇంకా ఇండియాలోనే ఉన్నవాళ్లకు: తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరు మీద, మైనారిటీలకు సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. 20 లక్షల దాకా ఇస్తారు, కుటుంబ ఆదాయం 5 లక్షల లోపు ఉండాలి. సగం అమెరికాలో దిగాక వచ్చే ఐ-94 పత్రం చూపించాక, మిగతా సగం మొదటి సెమిస్టర్ మార్కులు చూపించాక. అంటే మొదటి ఫీజుకు ఆ డబ్బు చేతిలో ఉండదు. ముందే ఏర్పాటు చేసుకుని వెళ్లాలి.

కాటీ_నాన్న

మా అబ్బాయి హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఉన్నాడు. ఆరేళ్ల వయసులో వచ్చాడు, ఇప్పుడు యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో నాలుగో ఏడు. గ్రీన్ కార్డు లైన్ ఎప్పటికి కదులుతుందో తెలియదు. వాడు స్కూల్ నుంచీ ఇక్కడి పిల్లాడే, కానీ పైన చెప్పినవాటిలో ఒక్కదానికీ అర్హత లేదు. పీహెచ్‌డీ అంటున్నాడు. ఏం చేయమంటారు?

డెంటన్_సుధీర్

అన్నయ్యా, మీ బాధ అర్థమైంది. పీహెచ్‌డీ అడ్మిషన్‌కు వీసాతో సంబంధం లేదు. యూనివర్సిటీ సొంత డబ్బుతో ఇచ్చే ఫెలోషిప్‌లు, టీఏ, ఆర్‌ఏ అందరికీ ఉంటాయి. చిక్కు ఒక్కటే: హెచ్-4 మీద ఉన్న పిల్లలు పనిచేయకూడదు కాబట్టి టీఏ, ఆర్‌ఏ జీతం తీసుకోలేరు. ఎఫ్-1 కి మారాలి. 21 నిండితే ఎలాగూ మారాల్సిందే. అడ్మిషన్ వచ్చాక కాదు, అప్లై చేసేటప్పుడే ఇంటర్నేషనల్ ఆఫీస్‌తో, లాయర్‌తో మాట్లాడండి. మార్పు ఆలస్యమైతే ఆగస్టు జీతం ఆగిపోతుంది.

వ్యాలీ_అమ్మాయి

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. నాన్నకు మాస్టారి మాట చదివి వినిపించాను. "పీహెచ్‌డీకి డబ్బు వాళ్లే ఇస్తారా?" అని మళ్లీ మళ్లీ అడిగారు. నమ్మకం కుదరడానికి టైం పట్టేలా ఉంది.

మా క్యాంపస్‌లో అడిగాను, ఫారం ఇచ్చారు. నాతోపాటు నా ల్యాబ్ పార్టనర్‌ను కూడా తీసుకెళ్లాను. తనది రియో గ్రాండే సిటీ, నలుగురు పిల్లల్లో పెద్దది. తను కూడా ఫారం తీసుకుంది.

మాస్టారూ, ఎన్‌ఎస్‌ఎఫ్ ఫెలోషిప్ నాకు వస్తుందా? గ్రీన్ కార్డు సరిపోతుందా? షుగర్ మీద రాయొచ్చా?

ఎల్‌పాసో_మాస్టారు

ల్యాబ్ పార్టనర్‌ను తీసుకెళ్లావు చూడు, చాలా సంతోషమమ్మా.

గ్రీన్ కార్డు సరిపోతుంది. ఏడాదికి 37,000 డాలర్ల స్టైపెండ్, మూడేళ్లు. యూనివర్సిటీకి విడిగా 16,000. నువ్వు నాలుగో ఏడు మొదలవగానే అప్లై చేయాలి. పోటీ బాగా పెరిగింది. 2025లో మొదట 1,000 మందినే ప్రకటించి తర్వాత ఇంకో 500 మందిని చేర్చారు, అంతకుముందు సుమారు 2,000 మందికి ఇచ్చేవారు.

ఇక షుగర్. ఇక్కడ జాగ్రత్త. జబ్బుకు కారణం, నిర్ధారణ, చికిత్స లక్ష్యంగా పెట్టుకున్న పరిశోధనకు ఎన్‌ఎస్‌ఎఫ్ డబ్బు ఇవ్వదు. చదవకుండానే పక్కన పెట్టేస్తారు. నీకు ఇన్సులిన్ సంకేతం కణం లోపల ఎలా నడుస్తుందన్న దాని మీద ఆసక్తి ఉంటే, జీవశాస్త్రంలో అది మూలమైన ప్రశ్న. దాన్ని అలాగే రాయాలి. జబ్బు మీదే పనిచేయాలని పట్టుదల ఉంటే ఆరోగ్య పరిశోధనకు డబ్బు ఇచ్చే ఫెడరల్ సంస్థ ఎన్‌ఐహెచ్ వైపు చూడు. పీహెచ్‌డీలో చేరాక ఎఫ్31 అనే ఫెలోషిప్ ఉంటుంది. ఏది నీ మనసులో ఉందో ముందు తేల్చుకో. ఫెలోషిప్ కోసం ప్రశ్న మార్చుకోవద్దు.

నీకు బాగా సరిపోయేది ఇంకొకటి ఉంది. పాల్ అండ్ డైసీ సోరోస్ ఫెలోషిప్, వలస వచ్చినవాళ్లకు, వాళ్ల పిల్లలకు. ఏటా 30 మందికి, రెండేళ్లలో 90,000 డాలర్ల దాకా. అక్టోబర్ చివర్లో గడువు. తెనాలి నుంచి ఎడిన్‌బర్గ్ దాకా మీ ఇల్లు నడిచిన దారి అందులో దాచాల్సిన విషయం కాదు, చెప్పాల్సిన విషయం.

అప్లికేషన్ ఫీజులు కూడా చూసుకో. మెక్‌నెయిర్‌లో ఉన్నవాళ్లకు చాలా యూనివర్సిటీలు మాఫీ చేస్తాయి. మిడ్‌వెస్ట్ వైపు బిగ్ టెన్ అనే గుంపులోని యూనివర్సిటీలకు ఫ్రీయాప్ అని ఫీజు మాఫీ ఉంది, ఇప్పుడూ నడుస్తోందో లేదో చూసుకో. జీఆర్‌ఈ చాలా బయాలజీ ప్రోగ్రాములు అడగడం మానేశాయి. అడిగేచోట సగం ఫీజు తగ్గింపు దొరుకుతుంది.

లోన్ గురించి నాన్నగారికి: 2026 జూలై 1 నుంచి కొత్తవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్లు లేవు. మామూలు మాస్టర్స్, పీహెచ్‌డీ విద్యార్థులకు ఫెడరల్ లోన్ ఏడాదికి 20,500, మొత్తం లక్ష డాలర్లే పరిమితి. కాబట్టి డబ్బు ఇవ్వని మాస్టర్స్ కంటే డబ్బు ఇచ్చే పీహెచ్‌డీ వైపు నేరుగా వెళ్లడం మీకు మేలు. బయాలజీలో మాస్టర్స్ లేకుండానే తీసుకుంటారు.

రివర్‌సైడ్_పద్మ

ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు చూసుకోవాల్సినవి నేను చేరుస్తాను. స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? వేసవి మూడు నెలలు ఖాళీ అయితే అద్దె ఎవరు కడతారు? ట్యూషన్ మాఫీ అని రాసి, ఫీజులు మాత్రం మనమే కట్టాలని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరిది? ఎన్నేళ్లకు హామీ?

స్టైపెండ్ మీద టాక్స్ ఉంటుంది. ఫెలోషిప్ అయితే చాలాచోట్ల ముందే కోసుకోరు, మూడు నెలలకోసారి మనమే కట్టుకోవాలి. ఎఫ్-1 మీద ఉన్న ఇండియన్ విద్యార్థులకు రెండు దేశాల ఒప్పందం ప్రకారం స్టాండర్డ్ డిడక్షన్ ఉంటుంది, ఆర్లింగ్టన్ తమ్ముడు గుర్తుపెట్టుకోవాలి.

ఏప్రిల్ 15 కంటే ముందే నిర్ణయం చెప్పమని ఎవరైనా ఒత్తిడి చేస్తే, ఆర్థిక సాయంతో వచ్చిన ఆఫర్లకు అప్పటిదాకా గడువు ఉంటుందని చాలా యూనివర్సిటీలు ఉమ్మడిగా ఒప్పుకున్న తీర్మానం ఉందని మర్యాదగా చెప్పొచ్చు.

ఎల్‌పాసో_మాస్టారు

పద్మ గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. నా ల్యాబ్‌లో పనిచేసిన ఒక అమ్మాయికి ఉత్తరాదిన మంచి ఆఫర్ వచ్చింది. అన్నీ ఉన్నాయి, మొదటి స్టైపెండ్ మాత్రం సెప్టెంబర్ చివర్లో. ఆగస్టులో అద్దె, డిపాజిట్, బస్సు ఖర్చు, చలికోటు అన్నీ ముందే కావాలి. ఇంటికి ప్రతి నెలా డబ్బు ఇచ్చే పిల్ల, చేతిలో ఏమీ మిగలదు. ఐదేళ్ల ఫెలోషిప్ చేతిలో ఉండి, రెండు నెలల ఖర్చు లేక వద్దనుకోవడానికి సిద్ధపడింది. డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసి అడిగితే తరలింపు ఖర్చు అని కొంత ముందే ఇచ్చారు. అడగకపోతే ఇచ్చేవాళ్లు కాదు. నీకూ, నీ ల్యాబ్ పార్టనర్‌కూ ఈ అవసరం వస్తుంది. ఆఫర్ రాగానే అడగండి. అందులో చిన్నతనం లేదు.

శాన్‌ఆంటోనియో_సరోజ

కోడలు ఇది చదివి కళ్లు తుడుచుకుంది. తనకూ అచ్చం ఇదే జరిగిందట. మీ ల్యాబ్ పార్టనర్‌కు జెమ్ గురించి ఏమైనా అడగాలంటే తను మాట్లాడతానంది. మోడరేటర్ ద్వారా మెసేజ్ పెట్టు అమ్మాయీ.

వ్యాలీ_అమ్మాయి

తప్పకుండా ఆంటీ. తనకు చెబితే చాలా సంతోషపడింది.

మాస్టారూ, ఇన్సులిన్ సంకేతాల మీద పనిచేసే ప్రొఫెసర్ ఒకరు మా దగ్గర ఉన్నారు. ఆవిడకు మెయిల్ రాశాను, పంపే ముందు చూస్తారా? ఇంగ్లీషులో రాసింది ఇక్కడ తెలుగులో చెబుతున్నాను: "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, నేను చాలా కష్టపడి చదివే విద్యార్థిని. పరిశోధన అంటే నాకు చిన్నప్పటి నుంచి ఎంతో ఇష్టం. మీ ల్యాబ్‌లో ఏ అవకాశం ఉన్నా ఇవ్వగలరు. స్కాలర్‌షిప్‌లకు నాకు పరిశోధన అనుభవం అవసరం."

ఎల్‌పాసో_మాస్టారు

మొదటి మూడు వాక్యాలు ఎవరైనా రాయగలరు, తీసేయి. చివరిది అసలు వద్దు. ఆవిడ పేపర్ ఒకటి తెచ్చుకుని చదువు. అందులో నీకు అర్థం కాని ఒక బొమ్మ గురించి ఒక ప్రశ్న రాయి. నువ్వు ఏ ల్యాబ్ కోర్సులు చేశావో, జెల్ నడపడం, పిపెట్ పట్టడం లాంటివి ఏవి వచ్చో ఒక వాక్యం. వారానికి ఎన్ని గంటలు రాగలవో ఒక వాక్యం. పరిశోధనకు ఎక్కువ గంటలు పెట్టాలంటే బయట ఉద్యోగం తగ్గించుకోవాలి కాబట్టి, జీతంతో కూడిన స్థానం ఏదైనా ఉందా అని చివర్లో నేరుగా అడుగు. ఆవిడకు గ్రాంటు ఉంటే అందులోంచి ఇవ్వగలరు, లేకపోతే ఎవరి దగ్గర ఉందో చెబుతారు. ఎనిమిది వాక్యాలు దాటనీయకు.

వారం దాకా జవాబు రాకపోతే ఆఫీస్ అవర్స్‌కు వెళ్లు. మెక్‌నెయిర్ ఫారంలో మెంటర్ పేరు అడుగుతారేమో చూడు, అడిగితే ముందు ఈ పని అవ్వాలి.

వ్యాలీ_అమ్మాయి

పేపర్ డౌన్‌లోడ్ చేశాను మాస్టారూ. మూడో బొమ్మ దగ్గర ఆగిపోయాను. రాత్రికి మళ్లీ రాసి పెడతాను.